సాధు సుందర్ సింగ్: జనం మధ్య ఏకాంతాన్ని కాపాడుకున్న కాషాయధారి

పంతొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల్లో పంజాబ్‌లోని రాంపూర్ గ్రామంలో, ఒక సంపన్న సిక్కు కుటుంబంలో ఒక నియమం ఉండేది. పొద్దున్నే లేచిన పిల్లవాడికి ఆకలి వేసినా, ముందు దైవప్రార్థన, పవిత్ర గ్రంథ పఠనం పూర్తి కావాలి. ఆ తరువాతే ఆహారం. ఆత్మకు అందవలసింది అందాకే శరీరానికి అందాలన్నది ఆ ఇంటి తల్లి పట్టుదల. ఆమె చిన్న కుమారుడే తరువాతి కాలంలో సాధు సుందర్ సింగ్‌గా ప్రపంచానికి తెలిసిన వ్యక్తి.

భారతీయ క్రైస్తవ చరిత్రలో ఆయనది విశిష్టమైన స్థానం. కాషాయ వస్త్రం ధరించి, పాదరక్షలు లేకుండా హిమాలయ మార్గాల్లో నడిచారు. లండన్, స్టాక్‌హోమ్ వంటి నగరాల్లో క్రిక్కిరిసిన సభల్లో ప్రసంగించారు. ఆయన జీవితంలోని అద్భుతాల గురించి, అదృశ్యం గురించి వెలువడిన రచనలు అనేకం. అయితే ఆ జీవితానికి ఆధారంగా నిలిచింది వాటికంటే నిరాడంబరమైన విషయం. ప్రతి దినం దేవునితో గడిపే నిశ్శబ్ద సమయాన్ని ఆయన ఎక్కడున్నా వదులుకోలేదు. ఆ నిశ్శబ్దానికీ, తన కోసం వచ్చే మనుషులకూ మధ్య తలెత్తిన ఘర్షణను దాచుకోనూ లేదు.

తల్లి వేసిన పునాది

సుందర్ సింగ్ 1889 సెప్టెంబరు 3న జన్మించారు. రాంపూర్ అప్పట్లో పటియాలా సంస్థానంలో ఉండేది. తండ్రి షేర్ సింగ్ భూస్వామి. తల్లి సిక్కు సంప్రదాయంతో పాటు హిందూ భక్తి మార్గాన్నీ ఆదరించిన విదుషి. ఆమె కుమారుణ్ణి వెంటబెట్టుకొని గురుద్వారాలకు, ఆలయాలకు, అడవుల్లో నివసించే సాధువుల దగ్గరకు వెళ్లేవారు. అన్నల్లాగా లౌకిక వ్యవహారాల్లో మునిగిపోకుండా ఈ కుమారుడు సాధువు కావాలన్నది ఆమె కోరిక. ఏడేళ్ల వయసుకే ఆ బాలుడు భగవద్గీతను కంఠస్థం చేశాడు.

సుందర్‌కు పద్నాలుగేళ్ల ప్రాయంలో తల్లి మరణించారు. కొద్దికాలానికే అన్నగారూ కన్నుమూశారు. అప్పటివరకు ఇంట్లో సహజంగా సాగిన ప్రార్థన, తల్లి పోయిన తరువాత అన్వేషణగా మారింది. ఇల్లంతా నిద్రపోయాక దీపం పెట్టుకొని గీతను, గురుగ్రంథ సాహిబ్‌ను, ఉపనిషత్తులను, ఖురాన్‌ను చదివేవారు. ఒక సాధువు దగ్గర యోగాభ్యాసం కూడా నేర్చుకున్నారు. ఇంత చిన్న వయసులో ఈ పఠనం మనసును కలవరపెడుతుందేమోనని తండ్రి ఆందోళన చెందేవారు. తనకు కావలసిన శాంతి వీటిలో దేనిలోనూ దొరకలేదని సుందర్ సింగ్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. అయినా తనలో దైవాన్వేషణను నాటినది తన తల్లేనని, ఏ వేదాంత పాఠశాలకన్నా ఆమె ఒడిలోనే ఎక్కువ నేర్చుకున్నానని ఆయన జీవితాంతం భావించారు.

తెల్లవారుజామున కలిగిన మలుపు

గ్రామంలోని అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషన్ బడిలో సుందర్ చదివేవారు. అక్కడ బైబిలు పాఠాలు తప్పనిసరి. పరాయి మతాన్ని తనపై రుద్దుతున్నారన్న ఆగ్రహం తల్లి మరణానంతరం మరింత పెరిగింది. తోటి పిల్లలను కూడగట్టి మిషనరీలను ఎదిరించారు. చివరికి 1904 డిసెంబరులో తండ్రి చూస్తుండగానే ఇంటి ఆవరణలో సువార్త ప్రతిని తగులబెట్టారు. ఏ గ్రంథాన్నయినా దహనం చేయడం తగదని తండ్రి మందలించారు.

ఆ చర్య ఆయనకు ఊరట ఇవ్వలేదు. మూడో రోజున, అంటే డిసెంబరు 18న, తెల్లవారుజామున మూడు గంటలకే లేచారు. చలికాలమైనా చన్నీళ్ల స్నానం చేసి ప్రార్థనకు కూర్చున్నారు. దేవుడనేవాడు ఉంటే తనకు దారి చూపాలని, లేకపోతే అయిదు గంటలకు ఊరి పక్కగా వెళ్లే రైలు కింద ప్రాణం తీసుకుంటానని నిశ్చయించుకున్నారు. నాలుగున్నర ప్రాంతంలో గదిలో వెలుగు నిండిందని, అందులో యేసు క్రీస్తు దర్శనమిచ్చారని, ఎన్నడూ ఎరుగని శాంతి తనలో ప్రవేశించిందని ఆయన ఆ తరువాత దేశదేశాల్లో చెప్పారు. ఈ అనుభవాన్ని విశ్వసించినవారు ఉన్నారు, మనస్తత్వశాస్త్ర పరంగా వివరించబూనినవారూ ఉన్నారు. ఆ ఉదయం తరువాత ఆయన జీవితం మారిపోయిందన్న విషయంలో మాత్రం ఎవరికీ భేదాభిప్రాయం లేదు.

కుటుంబం మొదట నచ్చజెప్పింది, తరువాత బెదిరించింది. సిక్కు గుర్తింపుకు చిహ్నమైన కేశాలను ఆయన కత్తిరించుకోవడంతో ఇంటి నుంచి వెళ్లగొట్టింది. కొంతకాలం లుధియానా మిషన్ వసతిగృహంలోనూ, తరువాత సిమ్లాకు సమీపంలో కుష్ఠురోగుల ఆశ్రయం ఉన్న సబాథు పట్టణంలోనూ తలదాచుకున్నారు. 1905 సెప్టెంబరు 3న, సరిగ్గా పదహారో పుట్టినరోజున, సిమ్లాలోని సెయింట్ థామస్ చర్చిలో బాప్తిస్మం పొందారు.

కొన్నేళ్లకు ఒకసారి తండ్రిని చూడడానికి వెళ్లినప్పుడు, ఆ రాత్రికి మాత్రం ఇంట్లో ఉండనిచ్చారు. అయితే అంటరానివారితో వ్యవహరించినట్లు భోజనం దూరంగా పెట్టి, నీళ్లు పైనుంచి చేతుల్లో పోశారు. ఒకప్పుడు తల్లి ప్రార్థన నేర్పిన ఇంట్లోనే ఆయన పరాయివాడయ్యారు.

కాషాయం, కంబళి, కొత్త నిబంధన

బాప్తిస్మం పొందిన కొద్ది వారాలకే, 1905 అక్టోబరులో, సుందర్ సింగ్ కాషాయ వస్త్రం, తలపాగా ధరించి బయలుదేరారు. ఆయన వెంట ఉన్నవి ఒక కంబళి, ఉర్దూ కొత్త నిబంధన ప్రతి మాత్రమే. జీతం లేదు, సంస్థ లేదు. ఎవరైనా పెడితే భోజనం, లేకపోతే ఉపవాసం. చెట్టు కిందో, గుహలోనో, సత్రంలోనో నిద్ర. క్రీస్తు సందేశం భారతీయులకు భారతీయ పాత్రలో అందాలన్నది ఆయన అభిప్రాయం. తల్లి కోరుకున్న సాధు జీవితం ఆమె ఊహించని మార్గంలో నెరవేరింది.

ఆ తొలి సంవత్సరాల్లో ఆయనకు తోడుగా నడిచినవారిలో శామ్యూల్ స్టోక్స్ ఒకరు. సంపన్న అమెరికన్ క్వేకర్ కుటుంబంలో పుట్టి, సబాథులో కుష్ఠురోగుల సేవకు వచ్చిన యువకుడాయన. తరువాతి కాలంలో సత్యానంద్ స్టోక్స్‌గా స్వాతంత్య్రోద్యమంలో పాల్గొన్నదీ, హిమాచల్ కొండల్లో ఆపిల్ సాగుకు బాట వేసినదీ ఆయనే. అసీసీకి చెందిన సెయింట్ ఫ్రాన్సిస్ జీవిత పద్ధతిని ఆదర్శంగా తీసుకున్న స్టోక్స్‌తో కలిసి సుందర్ సింగ్ కాంగ్రా లోయలో కాలినడకన తిరిగారు, సబాథులో రోగులకు సేవ చేశారు.

1908లో తొలిసారి టిబెట్ సరిహద్దు దాటారు. అప్పటికి ఆయన వయసు పందొమ్మిదేళ్లు. సరిహద్దు గ్రామమైన పూలో ఉన్న మొరేవియన్ మిషనరీలు భాష విషయంలో ఆయనకు సహకరించారు. ఆ తరువాత దాదాపు ప్రతి వేసవిలో ఆ మంచుదారుల వైపు వెళ్లడం, చలికాలంలో మైదానాలకు తిరిగి రావడం పరిపాటి అయింది.

1909లో లాహోర్‌లోని సెయింట్ జాన్స్ డివినిటీ కళాశాలలో చేరారు. పాఠ్యాంశాలు, పరీక్షలు, తోటి విద్యార్థుల ఎగతాళి ఆయనకు ఇమడలేదు. ఏడాది లోపే బయటికి వచ్చారు. ప్రసంగించడానికి ఆంగ్లికన్ సంఘం ఇచ్చిన అనుమతి పత్రాన్ని, తనను ఒక్క శాఖకే పరిమితం చేస్తుందన్న కారణంతో తిరిగి ఇచ్చేశారు. అయినా ఏ సంఘంతోనూ వైరం పెట్టుకోలేదు.

అడవిలో ఉపవాసం, మనసులో ప్రశ్న

బయటివారికి నిర్భయుడైన సంచారిగా కనిపించిన ఆ యువకుణ్ణి లోపల కొన్ని సందేహాలు వేధించేవి. వాటిని ఆయన తరువాత నిర్మొహమాటంగా వెల్లడించారు. రోజంతా నడిచి, మాట్లాడి, అలసిపోయి ఏకాంతం కోసం కూర్చున్న వేళ ఎవరైనా వచ్చి పలకరిస్తే విసుగు కలిగేది. దేవుని సన్నిధిలో గడపాలనుకున్న సమయాన్ని మనుషులు దోచుకుంటున్నట్లు తోచేది. ఈ కష్టాలన్నీ మాని ఇంటికి తిరిగి వెళ్లి, అందరిలా సంసార జీవితం గడపవచ్చు కదా అన్న ఆలోచనా వచ్చేది. వీటికన్నా లోతైన శంక మరొకటి ఉంది. తాను అనుభవిస్తున్న శాంతి దేవుడిచ్చినదా, లేక తన యవ్వనంలోని ప్రాణశక్తి నుంచే పుట్టినదా?

1913 ఆరంభంలో, క్రీస్తును అనుసరించి నలభై దినాలు ఉపవాసం చేయాలని సంకల్పించి, హరిద్వార్, డెహ్రాడూన్‌ల మధ్య ఉన్న అడవిలోకి వెళ్లారు. రోజులు లెక్కించడానికి నలభై రాళ్లు పక్కన పెట్టుకున్నారు. దినానికొకటి చొప్పున తీసివేయాలన్నది ఏర్పాటు. క్రమంగా చూపు మందగించింది, వినికిడి తగ్గింది, రాయిని కదిలించే శక్తి కూడా లేకుండా పోయింది. అడవిలో పనికి వచ్చినవారు స్పృహ తప్పిన ఆయనను గుర్తించి ఊరికి చేర్చారు. ఈలోగా ఆయన మరణించారని మిత్రులకు తంతి వార్తలు కూడా అందాయి.

ఆ ఉపవాసం పూర్తిగా నలభై రోజులు సాగిందా అని తరువాత విమర్శకులు ప్రశ్నించారు. రాళ్ల లెక్క మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి కచ్చితమైన సంఖ్య తేలేది కాదు. సుందర్ సింగ్‌కు మాత్రం సంఖ్య కన్నా ఫలితమే ముఖ్యం. శరీరం పూర్తిగా కుంగిపోయిన వేళ కూడా లోపలి శాంతి తగ్గకపోగా పెరిగిందని, దానితో అది తన ప్రాణశక్తి నుంచి వచ్చినది కాదన్న నిశ్చయం కలిగిందని ఆయన వివరించారు. ఇంటికి వెళ్లిపోవాలన్న ఆలోచన ఆ తరువాత వేధించలేదు.

అన్నింటికన్నా గమనించవలసిన మార్పు మరొకటి. అలసిపోయిన వేళ తలుపు తట్టిన మనుషుల పట్ల ఉండే విసుగు ఆ ఉపవాసం తరువాత తనలో కనిపించలేదని ఆయన చెప్పారు. ఏకాంతంలోకి వెళ్లినవాడు మనుషుల నుంచి మరింత దూరం కావడం సాధారణంగా ఎదురయ్యే ప్రమాదం. ఆయన విషయంలో ఏకాంతం మనుషుల వైపు దారి తీసింది. ఆయన సాధన అంతటికీ ఇదే కొలమానంగా నిలిచింది.

ఒక అధ్యాయం, కొంత మౌనం

ఆయన ప్రార్థనా విధానాన్ని సన్నిహితంగా నమోదు చేసినవారు ఇద్దరు. ఒకరు ఆక్స్‌ఫర్డ్ పండితుడు బి.హెచ్. స్ట్రీటర్. మరొకరు అప్పటికి అక్కడ చదువుకుంటున్న తమిళ క్రైస్తవుడు ఎ.జె. అప్పాసామి. ఈయన తరువాత దక్షిణ ఇండియా సంఘంలో బిషప్ అయ్యారు. సాధువుతో జరిపిన సుదీర్ఘ సంభాషణల ఆధారంగా వీరిద్దరూ రాసిన ది సాధు గ్రంథం 1921లో వెలువడింది.

ఆ వివరాల ప్రకారం ఆయన పద్ధతి చాలా సరళమైనది. తెల్లవారకముందే లేచేవారు. బైబిలులో ఒక అధ్యాయం చదివేవారు. చదువుతున్నప్పుడు లోతుగా తోచిన వచనాలను మనసులో గుర్తుపెట్టుకునేవారు. ఆ తరువాత చెదిరిన ఆలోచనలను కూడదీసుకోవడానికి కొద్ది నిమిషాలు మౌనంగా ఉండేవారు. పిదప గుర్తుపెట్టుకున్న వచనాల దగ్గరకు తిరిగి వచ్చి, ఒక్కొక్కదాని మీద అది ఫలమిచ్చినంత సేపు నిలిచేవారు. తొందర ఉండేది కాదు. ఆ ధ్యానమే క్రమంగా ప్రార్థనగా మారేది. అందులో మాటలు తక్కువ.

మొదటి రోజుల్లో తానూ దేవుణ్ణి ఫలానా వస్తువు కావాలని, ఫలానా పని జరగాలని అడిగేవాడినని ఆయన అంగీకరించారు. తరువాతి కాలంలో అడగడం తగ్గింది. దేవుడు ఇచ్చే వరాలకన్నా దేవుడే ముఖ్యమన్న భావన బలపడింది. ప్రార్థన అంటే కోరికల జాబితా సమర్పించడం కాదని, ఊపిరి తీసుకోవడం లాంటిదని ఆయన బోధించేవారు. ముత్యాల కోసం సముద్రగర్భంలోకి దిగినవాడు పైకి వచ్చి గాలి పీల్చుకోకపోతే బతకలేడు. లోకవ్యవహారాల్లో మునిగిన మనిషికి ప్రార్థన అటువంటి గాలి అన్నది ఆయన తరచుగా చెప్పిన పోలిక. పడవ నీటిలో ఉండవలసిందే గాని, నీరు పడవలోకి చేరకూడదన్నది మరో పోలిక.

ధ్యానంలో ఒక్కొక్కసారి తన్మయ స్థితి కలిగేదని, అప్పుడు బాహ్యస్పృహ ఉండేది కాదని ఆయన మిత్రులకు చెప్పారు. అయితే దానిని సభల్లో ప్రస్తావించడానికి ఇష్టపడేవారు కాదు. ఆ స్థితి కోసం ప్రయత్నించడం తగదని, అది లేనంత మాత్రాన ఎవరి భక్తీ తక్కువ కాదని ఆయన ఉద్దేశం. సాధు వేషం అందరికీ అవసరమనీ ఆయన అనలేదు. కుటుంబాల్లో, ఉద్యోగాల్లో ఉన్నవారికి కూడా ఈ నిశ్శబ్ద సమయం సాధ్యమేనని నమ్మారు. బాల్యంలో ఆయన చూసిన తొలి ఉదాహరణ, సంసారం మోస్తూనే ప్రార్థించిన తల్లి.

ధ్యానం సేవతో ముడిపడి ఉండాలని చెప్పడానికి ఆయన వినిపించిన ఒక హిమాలయ సంఘటన నేటికీ ప్రసంగాల్లో వినిపిస్తుంది. మంచు తుఫానులో ఒక టిబెటన్‌తో కలిసి నడుస్తుండగా, దారి పక్కన లోయలో పడిపోయిన మనిషి కనిపించాడు. ఆగితే తామూ చనిపోతామని తోటి ప్రయాణికుడు ముందుకు సాగిపోయాడు. సుందర్ సింగ్ ఆ మనిషిని వీపున మోసుకొని నడిచారు. ఆ శ్రమతో పుట్టిన వేడి ఇద్దరినీ కాపాడింది. ముందు వెళ్లిన వ్యక్తి చలికి బిగుసుకుపోయి దారిలో చనిపోయి కనిపించాడు. తన ప్రాణం కాపాడుకోవడమే ధ్యేయంగా పెట్టుకున్నవాడు దానిని పోగొట్టుకుంటాడన్న సువార్త బోధకు ఆయన ఈ సంఘటనను నిదర్శనంగా చూపేవారు.

తీరిక లేని దేశాల్లో

1918లో సుందర్ సింగ్ దక్షిణ భారతంలో, సిలోన్‌లో విస్తృతంగా పర్యటించారు. మద్రాసు మొదలుకొని తిరువాన్కూరు వరకు జనం వేలాదిగా తరలివచ్చారు. మిషనరీ రెబెకా పార్కర్ అదే కాలంలో ఆయన జీవిత చరిత్ర రాశారు. ఆ తరువాత బర్మా, మలయా, చైనా, జపాన్ దేశాలకు వెళ్లారు. హిమాలయ గుహల్లో తేలికగా లభించిన నిశ్శబ్దాన్ని ఇక ప్రతి ఊరిలోనూ ప్రయత్నపూర్వకంగా సంపాదించుకోవలసి వచ్చింది. సభలు, కరచాలనాలు, దీవెనల కోసం ఎదురుచూసే రోగులు, ప్రశ్నలతో వచ్చే యువకులు ఆయన దినాన్ని పూర్తిగా ఆక్రమించారు. స్వస్థతలు చేసే శక్తి తనకు ఉందని జనం నమ్మడం మొదలుపెట్టగానే ఆయన జాగ్రత్తపడ్డారు. మనుషుల దృష్టి క్రీస్తు మీద నుంచి తన చేతుల మీదికి మళ్లుతుందని ఆయన భయం.

ఈ మధ్యనే ఒక పాత గాయం మానింది. 1919లో తండ్రి షేర్ సింగ్ క్రైస్తవ విశ్వాసాన్ని స్వీకరించారు. ఒకప్పుడు కుమారుణ్ణి వెళ్లగొట్టిన ఆ తండ్రే ఆయన ఇంగ్లండ్ ప్రయాణానికి ఖర్చులు భరించారు. 1920లో సుందర్ సింగ్ బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలలో పర్యటించారు. 1922లో స్విట్జర్లాండ్, జర్మనీ, స్వీడన్, నార్వే, డెన్మార్క్, హాలండ్ దేశాలకు వెళ్లారు. స్వీడన్‌లో ఉప్సలా ఆర్చిబిషప్ నాథన్ సోదర్‌బ్లోమ్ ఆయనకు ఆతిథ్యమిచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి అప్పుడే తేరుకుంటున్న ఐరోపా, కాషాయ వస్త్రంలో ఉన్న ఈ తూర్పుదేశపు క్రైస్తవుణ్ణి చూసి ఆశ్చర్యపోయింది. ఆయనకు మాత్రం ఆశాభంగమే కలిగింది. సువార్తను తన దేశానికి పంపిన దేశాల్లో ప్రార్థనకు తీరిక ఉన్నవారు తక్కువగా కనిపించారు. ధనం, వేగం, వ్యాపకం మనుషులను నిండా ఆవరించాయని ఆయన భావించారు. హిమాలయ నదిలో ఏళ్ల తరబడి నానిన రాయిని పగలగొడితే లోపల పొడిగానే ఉందన్న తన అనుభవాన్ని ఆయన అక్కడి సభల్లో చెప్పారు. శతాబ్దాలుగా క్రైస్తవంలో మునిగి ఉన్నా అది లోపలికి ఇంకని సమాజానికి ఆయన చూపిన అద్దం అది. శ్రోతలు నొచ్చుకోలేదు, మరింత ఎక్కువగా వచ్చారు. జనాదరణ పెరిగిన కొద్దీ ఆయన అలసట కూడా పెరిగింది. రెండో ఐరోపా పర్యటన ముగించుకొని వచ్చిన తరువాత మళ్లీ పడమటి దేశాలకు వెళ్లలేదు.

వివాదాల నడుమ సబాథు

కీర్తి వెనుకనే వివాదం వచ్చింది. టిబెట్‌లో తాను శవాల మధ్య పాడుబడిన బావిలో పడవేయబడి అద్భుతరీతిలో బయటపడ్డానని, కైలాస ప్రాంతంలో అతివృద్ధుడైన ఒక మహర్షిని కలిశానని ఆయన చెప్పిన విషయాలకు సాక్ష్యాలు లేవని విమర్శకులు ఎత్తిచూపారు. భారతదేశంలో జెస్యూట్ పండితుడు హోస్టెన్, స్విట్జర్లాండ్‌లో మనోవిశ్లేషణ తెలిసిన పాస్టర్ ఓస్కర్ ఫిస్టర్ ఆయన నిజాయతీనే ప్రశ్నించారు. జర్మన్ మతశాస్త్ర పండితుడు ఫ్రెడరిక్ హైలర్ ఆయన పక్షాన గ్రంథాలు రాశారు. ఐరోపాలో ఈ వాదం ఏళ్ల తరబడి నడిచింది. టిబెట్ సంఘటనల్లో కొన్నింటి వాస్తవికత ఈనాటికీ చరిత్రకారుల మధ్య చర్చనీయాంశమే.

ఆరోపణలకు గురైన వ్యక్తి మాత్రం కొన్ని లేఖలకు జవాబివ్వడం మినహా బహిరంగ వాదానికి దిగలేదు. సబాథులో ఒక పాత ఇంటిని నివాసంగా చేసుకున్నారు. కుష్ఠురోగుల సేవలో ఉన్న ఒక కుటుంబం ఆ ఇంట్లోనే ఉండేది. అప్పటికి ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతిన్నది. గుండె బలహీనపడింది, కళ్లు, ఊపిరితిత్తులు ఇబ్బందిపెట్టాయి. దేశాలు తిరిగిన మనిషి ఒక గదికి, ఒక వరండాకు పరిమితం కావలసి వచ్చింది.

ఆ పరిమితి నుంచే ఆయన రచనలు వెలువడ్డాయి. 1922 నుంచి 1929 మధ్య ఆరు చిన్న పుస్తకాలు వచ్చాయి. గురుపాదాల చెంత అనే అర్థమిచ్చే మొదటి పుస్తకాన్ని ఉర్దూలో రాశారు. దేవుడు, మానవుడు, ప్రకృతి గురించిన ధ్యానాలతో రియాలిటీ అండ్ రెలిజియన్ 1924లో వచ్చింది. వీటిలో పాండిత్య ప్రదర్శన లేదు. నది, విత్తనం, పక్షి, తల్లి పాలు, దీపం వంటి పరిచిత వస్తువులే ఆయన దృష్టాంతాలు. తెల్లవారుజామున వచనం మీద నిలిచిన మనసు పగలు చుట్టూ ఉన్న ప్రకృతిని కూడా అదే నిదానంతో చదివిందని ఆ పేజీలు తెలుపుతాయి.

మంచుదారిలో చివరి ప్రయాణం

టిబెట్ పిలుపు ఆయనను వదలలేదు. 1927లో బయలుదేరి, దారిలో రక్తస్రావం కావడంతో వెనుదిరిగారు. ఆరోగ్యం ఆ ప్రయాణానికి సహకరించదని మిత్రులు ఎంతగా వారించినా, 1929 ఏప్రిల్ 18న మళ్లీ సబాథు నుంచి బయలుదేరారు. తిరిగి రాకపోవచ్చునన్న ఎరుక ఆయన చివరి లేఖల్లో ఉంది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ తరువాత ఆయన జాడ తెలియలేదు. వేసవిలో మిత్రులు ఆ మార్గంలో గాలించినా ఫలితం లేకపోయింది. అనారోగ్యంతో దారిలో మరణించారా, కొండచరియ నుంచి జారిపడ్డారా, మరేదైనా జరిగిందా అన్నది ఎవరికీ తెలియదు. హిమాలయాల్లో ఎక్కడో ఇంకా జీవించే ఉన్నారన్న కథలు కొన్ని దశాబ్దాలపాటు ప్రచారంలో ఉన్నాయి. వాటికి ఆధారమేదీ లభించలేదు. ఇంగ్లండ్ సంఘం తన ఆరాధనా పంచాంగంలో జూన్ 19ని ఆయన స్మృతిదినంగా పాటిస్తుంది.

మిగిలిన పాఠం

సుందర్ సింగ్ ఒక మఠాన్ని స్థాపించలేదు, శిష్యపరంపరను తయారు చేయలేదు, తన పేరిట సంఘాన్ని నెలకొల్పలేదు. తనను అనుకరించాలని వచ్చిన యువకులను ప్రోత్సహించడానికి కూడా వెనుకాడారు. ఎవరి పిలుపు వారిదని ఆయన విశ్వాసం. అయినా భారతీయ క్రైస్తవ భక్తి సంప్రదాయంలో ఆయన ముద్ర స్పష్టంగా ఉంది. క్రైస్తవ విశ్వాసాన్ని భారతీయ భక్తిమార్గంతో సమన్వయం చేసి చూసిన అప్పాసామి వంటి పండితుల కృషికి, దేశీయ క్రైస్తవ ఆశ్రమాల ఆలోచనకు ఆయన జీవితం బలాన్నిచ్చింది.

అద్భుతాల గురించి సందేహాలు ఉన్నవారు సైతం కాదనలేని భాగం ఒకటి ఆయన జీవితంలో ఉంది. పొద్దున లేవడం, ఒక అధ్యాయం చదవడం, చెదిరిన మనసును కూడదీసుకోవడం, ఒక మాట మీద తొందర లేకుండా నిలవడం, ఆ తరువాత తలుపు తెరవడం. వీటిలో ఏ ఒక్కటీ హిమాలయాలకు వెళ్లినవారికే సాధ్యమయ్యేది కాదు. పరుగే జీవితమైపోయిన కాలంలో కొద్ది నిమిషాల నిశ్శబ్దమైనా దక్కడం లేదని బాధపడే విశ్వాసులకు ఆయన చూపిన దారి ఇదే.

ఆ దారిలో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఏకాంతాన్ని కోరుకున్నంత మాత్రాన అది పవిత్రం కాదు. దాన్ని భంగపరిచిన మనిషి మీద విసుగు పుట్టినంతకాలం అది ఇంకా తన సుఖమేనని సుందర్ సింగ్ తనలోనే గుర్తించారు. ప్రార్థన ముగించి లేచినవాడికి ఎదురుగా నిలబడిన రోగి, బాటసారి, ప్రశ్నతో వచ్చిన యువకుడు అవరోధాలుగా కాక అతిథులుగా కనిపించిన నాడే ఆ నిశ్శబ్దం ఫలించినట్లు. సబాథులో కుష్ఠురోగుల మధ్య మొదలై, దేశాలు తిరిగి మళ్లీ వారి పొరుగుకే చేరిన ఆయన జీవితం దీనికి సాక్ష్యం.